ఆస్కారు బహుమానము – అభిమానుల తగవులు

రజతోత్సవ సంచికకు చరిత్రవిషయమై యొక వ్యాసము వ్రాసి పంపుమని సంపాదకవర్గమువారు నన్ను కోరిరి. కాకతీయులను గూర్చియో, మన దేవాలయములోని శాసనమును గూర్చియో వ్రాయుదునని వారు తలచియుందురు. వానిని వ్రాయుటకు నాకంటె సమర్థులు మన గ్రామమందే కలరు. నేను అమెరికా దేశమున చలనచిత్రములకు ఇచ్చెడి ఆస్కారు బహుమానమును గూర్చి వ్రాయుచున్నాను. పాఠకులు నవ్వవలదు. ఈ ఇరువదియైదు సంవత్సరములలో మన పఠనమందిరమున జరిగిన చర్చలన్నిటిలో మిక్కిలి బిగ్గరగా జరిగినది, వీథిలోని పెద్దలు లోనికి వచ్చి విడదీయవలసి వచ్చినది, ఆ బహుమానమును గూర్చిన చర్చయే. ఆనాడు తొందరపడినవారిలో నేనొకడను.

అది 2022 సెప్టెంబరు మాసము. ఆ సంవత్సరము మార్చి 25వ తేదీన విడుదలయైన రాజమౌళిగారి ‘ఆర్ఆర్ఆర్’ చిత్రమును మన యువకులు ఒక్కొక్కరు ఎన్నిసార్లు చూచిరో లెక్కలేదు. భారతదేశము పక్షమున ఆస్కారు పోటీకి అదియే పోవునని వారు నిశ్చయించుకొనియుండిరి. ఇంతలో పాన్ నలిన్ అను దర్శకుడు గుజరాతీ భాషలో తీసిన ‘ఛెల్లో షో’ అను చిత్రమును పంపుటకు ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా వారు నిర్ణయించిరని పత్రికలో వచ్చినది. “ఇది తెలుగువాళ్ళకు అన్యాయం” అని ఒక బల్లవారు లేచిరి. “పంపించేది సినిమానిరా, మీ హీరోని కాదు” అని రెండవ బల్లవారు అందుకొనిరి. పత్రికను అటు కొందఱు ఇటు కొందఱు లాగగా అది నడిమికి చినిగెను.

నేను కార్యవర్గ సభ్యుడను. అంతకుముందు ముప్పది సంవత్సరములు బడిపంతులుగా నుండి పిల్లల నోళ్ళు మూయించిన అలవాటు కలవాడను. మరునాడే తీర్మానము వ్రాసి, “ఇచ్చట సినిమా ప్రసంగములు నిషిద్ధము” అని ఒక చెక్కపలకపై రంగుతో వ్రాయించి తెచ్చితిని. దానిని నేను గోడకు కొట్టుచుండగా, పోటీపరీక్షలకు చదువుకొనుటకై వచ్చెడి యొక అమ్మాయి తలయెత్తి, “మాస్టారూ, అసలు ఆ ఆస్కారుకు ఓట్లు ఎవరు వేస్తారండీ? వాళ్ళు సినిమాలన్నీ చూసే వేస్తారా?” అని యడిగినది. నాకు తెలియదు. తెలియదనుటకు నోరు రాక, “పెద్దవాళ్ళు ఉంటారులేమ్మా” అని సుత్తి క్రింద పెట్టి ఇంటికి పోతిని. ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. తెలిసికొనగోరి ప్రశ్న వేసిన పిల్లను గ్రంథాలయములోనే అట్లు పంపివేసితినే యని సిగ్గుపడితిని. పట్టణమునుండి పుస్తకములు తెప్పించుకొని చదివితిని. చదివినకొలది, ఆ పలక కొట్టినందుకు మరింత సిగ్గుపడవలసి వచ్చినది.

ఆ బహుమానము నిచ్చెడి సంఘమునకు అకాడమీ యని పేరు. అది 1927లో హాలీవుడ్ నగరమున పుట్టినది. దానిని తలపెట్టినవాడు మెట్రో గోల్డ్విన్ మేయర్ అను చిత్రనిర్మాణసంస్థకు అధిపతియైన లూయీ బి. మేయర్. అప్పటికే స్టూడియోలలోని వడ్రంగులు, రంగులవారు, విద్యుద్దీపములవారు కార్మికసంఘములుగా నేర్పడియుండిరి. నటులు, రచయితలు, దర్శకులు కూడ అట్లే కూడుదురేమోనని యజమానులకు భయము. అందఱును ఒకే గొడుగు క్రిందికి వచ్చినచో తగవులు లోలోపలనే తీర్చుకొనవచ్చునని మేయరు ఊహ. 36 మంది స్థాపకసభ్యులతో సంఘము వెలసెను. డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ అను ప్రసిద్ధనటుడు మొదటి అధ్యక్షుడు. బహుమానములిచ్చుట ఆ సంఘము పెట్టుకొనిన అనేక కార్యములలో ఒకటి మాత్రమే. నేడు తక్కినవానిని ఎఱిగినవారు కొద్దిమంది. బహుమానము నెఱుగనివారు లేరు.

మొదటి ప్రదానసభ 1929 మే 16వ తేదీన హాలీవుడ్‌లోని రూజ్‌వెల్ట్ హోటలునందు విందుతో కూడ జరిగినది. వచ్చినవారు సుమారు 270 మంది. టిక్కెట్టు 5 డాలర్లు. బహుమానములన్నియు పదునైదు నిమిషములలో ఇచ్చివేసిరి. గెలిచినవారి పేర్లు మూడుమాసములకు ముందే ప్రకటింపబడియుండుటచేత గుండెదడ యెవరికిని లేదు. అదే 1929వ సంవత్సరమున మన తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టినదని జ్ఞప్తికి తెచ్చుకొనుట సంతోషకరము. పరిషత్తు నాటకపోటీలకు ట్రాక్టర్లమీద పోయివచ్చిన మన గ్రామస్థులకు ఈ వ్యాసములోని తక్కిన కథ సులభముగా బోధపడును. న్యాయనిర్ణేతలు ఎవరింట భోజనము చేసిరో ఆరా తీయనిదే మనము ఏ నాటి ఫలితమును నమ్మితిమి?

ఎందుకన, ఆస్కారు విషయమున మొదటి తగవు సరిగా అట్టిదే. తొలిదినములలో తుదినిర్ణయము చేసినవారు అయిదుగురు. 1930 ఏప్రిలులో జరిగిన రెండవ ప్రదానమున ఉత్తమనటి బహుమానము ‘కొకెట్’ అను చిత్రమునకుగాను మేరీ పిక్‌ఫోర్డునకు వచ్చినది. ఆమె గొప్ప నటియే. కాని ఆమె అకాడమీ స్థాపకులలో ఒకతె, అధ్యక్షుడుగా నుండిన ఫెయిర్‌బ్యాంక్సునకు భార్య. నిర్ణేతలను ఆమె తన భవనమునకు తేనీటికి పిలిచెనని ఊరంతయు చెప్పుకొనిరి. ఆ సణుగుడు ఊరక పోలేదు. పిమ్మట తుదినిర్ణయము అయిదుగురి చేతినుండి తొలగి, సభ్యులందఱి ఓటునకు వచ్చెను.

రెండవ తగవు ఇంకను పెద్దది. 1934లో ‘ఆఫ్ హ్యూమన్ బాండేజ్’ అను చిత్రము వచ్చినది. సోమర్‌సెట్ మామ్ నవలకు అది చిత్రరూపము. అందులో మిల్‌డ్రెడ్ అనునది తేనీటి దుకాణములో పనిచేయు క్రూరురాలు. తనను ప్రేమించిన కుంటి యువకుని నానావిధముల హింసించును. పేరుగల తారలు అట్టి వేషము వేయుటకు ఇష్టపడరు. బెట్టీ డేవిస్ అను యువతి పట్టుబట్టి వేసినది. ఆమె వార్నరు సంస్థ జీతగత్తె. ఈ చిత్రమునకై వేఱొక సంస్థకు అరువుగా పంపబడినది. 1935 ఆరంభమున ఉత్తమనటి పోటీకి మూడు పేర్లు ప్రకటించిరి: క్లాడెట్ కోల్బేర్, నోర్మా షియరర్, గ్రేస్ మూర్. బెట్టీ డేవిస్ పేరు లేదు. ఇతరుల చిత్రమునకు కీర్తి తెచ్చుట ఆమె యజమానులకు లాభము కాదు. ఇతరుల నటికి కీర్తి తెచ్చుట ఆ చిత్రము తీసినవారికి లాభము కాదు. అందుచే ఆమెకై పూనుకొనినవారు లేకపోయిరని పలువురి అభిప్రాయము. అరువు ఎద్దునకు మేత వేయువాడెవడు?

పత్రికలలో నిరసన చెలరేగెను, చిత్రపరిశ్రమలోని వారే గొంతెత్తిరి. తుదకు అకాడమీ దిగివచ్చి, ముద్రించిన పేర్లు నచ్చనివారు తమకు నచ్చిన పేరును బ్యాలెట్టుపై స్వహస్తముతో వ్రాయవచ్చునని ప్రకటించెను. ఐనను ఫిబ్రవరి 27వ తేదీన గెలిచినది క్లాడెట్ కోల్బేరే. డేవిస్ గెలుచుట ఖాయమని నమ్మి ఆమె సభకు రాక రైలెక్కబోవుచుండగా, స్టేషనునుండి పిలుచుకొని వచ్చిరి. ప్రయాణపు దుస్తులతోనే ఆమె బహుమానము నందుకొని తిరిగి రైలునకు పోయెను. ఓడినవారికోసము ఇంత యల్లరి యెందుకు జరిగినట్లు అని మనము అడుగవచ్చును. జరిగిన మేలు వేఱొకటి. ఓట్ల లెక్కపై అనుమానము ప్రబలుటచే, ఆ తరువాతి పోటీనుండి లెక్కించుపని ప్రైస్ వాటర్‌హౌస్ అను లెక్కల తనిఖీ సంస్థకు అప్పగించిరి. పేరు వ్రాయు పద్ధతి రెండు సంవత్సరములే నిలిచినది. ఆ పద్ధతిచే గెలిచినవాడు చరిత్రలో ఒక్కడే – 1936లో ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ చిత్రమునకు ఛాయాగ్రాహకుడైన హాల్ మోర్. లెక్కలవారు మాత్రము నిలిచిపోయిరి.

మూసిన కవరు కథ 1940లోనిది. అంతవరకు అకాడమీవారు గెలిచినవారి జాబితాను పత్రికలకు ముందుగానే ఇచ్చి, రాత్రి 11 గంటలకు పిమ్మటనే ప్రచురింపవలెనని మాట తీసికొనుచుండిరి. 1940 ఫిబ్రవరి 29వ తేదీన ‘లాస్ ఏంజిలిస్ టైమ్స్’ పత్రిక ఆ మాట తప్పి 8 గంటల 45 నిమిషముల సంచికలోనే అంతయు అచ్చువేసెను. అంబాసడర్ హోటలునకు విచ్చేయుచున్న అతిథులు తమ జయాపజయములను ద్వారముకడనే పత్రిక కొని చదువుకొనిరి. మరుసటి సంవత్సరమునుండి ఫలితములను కవరులో పెట్టి ముద్రవేసి, వేదికమీదనే విప్పు ఆచారము వచ్చినది.

ఆ రాత్రియే ఆ హోటలులో మరొకటి జరిగినది. ‘గాన్ విత్ ది విండ్’ చిత్రమున దాదిగా నటించిన హ్యాటీ మెక్‌డానియల్‌కు సహాయపాత్ర బహుమానము వచ్చెను. నల్లజాతివారిలో ఆస్కారు పొందిన మొదటి వ్యక్తి ఆమె. నల్లవారిని లోనికి రానీయని హోటలది. నిర్మాత సెల్జ్‌నిక్ బ్రతిమాలి అనుమతి తెచ్చెను. తనతోడి నటులు కూర్చున్న బల్లవద్ద గాక, గోడప్రక్క చిన్న బల్లవద్ద ఆమెను కూర్చుండబెట్టిరి. ఆ బల్లనుండి వేదికవరకు ఆమె నడచివచ్చి బహుమానము పుచ్చుకొనెను. అంతకు రెండు మాసముల ముందు అట్లాంటా నగరమున ఆ చిత్రముయొక్క తొలి ప్రదర్శనకు ఆమె పోలేకపోయినది. అక్కడి చట్టములు వర్ణభేదమును పాటించునవి. ఊరిచివర బల్లలు, వేఱు గ్లాసులు మనకు తెలియనివి కావు గనుక ఈ ఘట్టమును నేను రెండుసార్లు చదివితిని. సహాయపాత్రలవారికి ఆ కాలమున బొమ్మ కాక ఫలకము ఇచ్చెడివారు. ఆమె తన ఫలకమును హోవర్డ్ విశ్వవిద్యాలయమునకు వ్రాసియిచ్చెను. అది యెచ్చటనో పోయినది. దాని స్థానమున అకాడమీవారు 2023 అక్టోబరులో మరియొకటి ఇచ్చిరి. ఆమె తరువాత నటనకు ఆస్కారు పొందిన రెండవ నల్లజాతి స్త్రీ వూపీ గోల్డ్‌బర్గ్. అది 1991వ సంవత్సరము.

ఆ ఓటర్లు ఎట్టివారు అను ప్రశ్నకు సమాధానము వెదకినది కూడ 1940లో మాట తప్పిన ఆ పత్రికయే యగుట వింత. 2012లో అది చేసిన పరిశీలనయందు ఓటర్లలో నూటికి 94 మంది తెల్లవారనియు, 77 మంది పురుషులనియు తేలినది. 2015 జనవరిలో నటులకై ప్రకటించిన 20 పేర్లును తెల్లవారివే యగుటతో, ఏప్రిల్ రైన్ అను నల్లజాతి మహిళ ట్విట్టరులో ఒక చిన్న ఎత్తిపొడుపుమాట వ్రాసెను. దానిని లక్షలమంది అభిమానులు అందుకొనిరి. 2016లో మరల 20 పేర్లును తెల్లవారివే. ఈసారి అకాడమీ ఊరకుండలేదు. స్త్రీల సంఖ్యను, ఇతర జాతులవారి సంఖ్యను 2020 నాటికి రెట్టింపు చేయుదుమని తీర్మానించి, ప్రపంచమంతటినుండి క్రొత్త సభ్యులను పిలువ మొదలుపెట్టెను. నేడు సభ్యులు పదివేలకు పైబడిరి.

దీనికి ముందే, 2009 జనవరిలో, ‘ది డార్క్ నైట్’ అను జనాదరము పొందిన చిత్రమునకు ఉత్తమచిత్రపు పోటీలో చోటు దక్కలేదని అభిమానులు మండిపడిరి. ఆ జూనులో పోటీచిత్రముల సంఖ్యను 5 నుండి 10కి పెంచిరి. పది చిత్రములున్నచో కొద్దిపాటి ఓట్లతోనే ఒకటి గెలుచును గదా యని, ఓటరు తనకు నచ్చిన వరుసలో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయు పద్ధతిని తెచ్చిరి. అన్నిటికంటె తక్కువ మొదటి ఓట్లు వచ్చిన చిత్రమును తీసివేసి, ఆ ఓట్లను వానిపైనున్న రెండవ అంకెల ప్రకారము తక్కినవానికి పంచుదురు. సగము దాటినది గెలుచును. మన ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఎన్నికలలో నేను ఎన్నోసార్లు వేసిన ఓటు ఇదియే. హాలీవుడ్డువారును నేనును ఒకే పద్ధతిలో ఓటు వేయుచున్నామని తెలిసి కొంచెము గర్వపడితినని ఒప్పుకొనుచున్నాను.

ఇన్ని జాగ్రత్తలు తీసికొనిన కవరే 2017 ఫిబ్రవరి 26వ తేదీన మోసము చేసెను. వేదికకు రెండువైపులను లెక్కలవారు నిలిచి, చెరియొక జత కవర్లు పట్టుకొందురు. ఒకవైపు కవరు వాడగానే రెండవవైపు దాని ప్రతిని ప్రక్కకు తీయవలెను. ఉత్తమనటి కవరు ప్రతి ప్రక్కకు పోక, ఉత్తమచిత్రమును ప్రకటింపవచ్చిన వారెన్ బీటీ చేతికి పోయెను. ఆయన విప్పి, చూచి, తటపటాయించి, ప్రక్కనున్న ఫే డనవేకు చూపెను. ఆమె ‘లా లా ల్యాండ్’ అని చదివెను. ఆ చిత్రమువారు వేదికనెక్కి కృతజ్ఞతలు చెప్పుచుండగా పొరపాటు బయటపడి, వారిలో ఒకడైన జోర్డన్ హోరోవిట్జ్ తానే ముందుకు వచ్చి, గెలిచినది ‘మూన్‌లైట్’ అని చెప్పి అసలు కాగితమును ఎత్తి చూపెను. చేతిలోని బొమ్మను తానే ఎదుటివారికి అప్పగించినవాడు! మన పోటీలలో నేను అట్టివానిని ఇంకను చూడలేదు. ఆ కాగితముపై ఏ బహుమానమో తెలుపు మాట అడుగున మిక్కిలి చిన్న అక్షరములతో నుండెను. మరుసటి సంవత్సరమున ఆ అక్షరములను పెద్దవి చేసిరి. లెక్కలవారు తెరవెనుక చేతిఫోనులు వాడరాదని కట్టడి చేసిరి.

2022 మార్చి 27వ తేదీన విల్ స్మిత్ అను నటుడు తన భార్యపై పరిహాసమాడిన క్రిస్ రాక్‌ను సభలోనే చెంపదెబ్బ కొట్టుట, పిమ్మట కొంతసేపటికే ఉత్తమనటుడుగా బహుమానము పొందుట, ఆపై పది సంవత్సరములు సభకు రాకుండ నిషేధింపబడుట అందఱును ఫోనులలో చూచినవే. దానిపై మన అరుగులమీద జరిగినంత చర్చ ‘మూన్‌లైట్’ పై జరుగలేదు. దానివలన ఓటు విషయమున మారినదేమియు లేదు కావున ఇంతటితో విడిచెదను.

ఇక అమ్మాయి అడిగిన రెండవ ప్రశ్న: చూచియే ఓటు వేయుదురా? చూడనక్కఱలేదు అనునదే చాలకాలము సమాధానము. తుది ఓటు వేయువారు ఆ బహుమానమునకు పోటీపడు చిత్రములన్నిటిని చూచియుండవలెనని అకాడమీ నియమము చేసినది 2025 ఏప్రిలులో. మొదటి సభనుండి 96 సంవత్సరములు పట్టినది.

మన తగవునకు వత్తును. పరభాషాచిత్ర బహుమానమునకు ఆనాటి నియమము ప్రకారము ప్రతి దేశమునుండి ఒక్క చిత్రమే పోవలసియుండెను. తెలుగునుండి అట్లు పోయినది ఇంతవరకు ఒక్కటే – 1986లో విశ్వనాథ్‌గారి ‘స్వాతిముత్యం’. తుదిపోటీకి అది చేరలేదు. ‘ఛెల్లో షో’ కూడ 15 చిత్రముల జాబితావరకు పోయి ఆగినది. కాని తక్కిన బహుమానములకు దేశము పంపవలసిన పనిలేదు. అమెరికాలోని నిర్ణీతనగరములలో ఒకచోట ఏడు దినములు వరుసగా ఆడిన చిత్రము తానే పోటీపడవచ్చును. ‘ఆర్ఆర్ఆర్’ వారు ఆ త్రోవన పోయిరి. ఇది ఆనాడు మన రెండు బల్లలలో ఏ బల్లకును తెలియదు, నాకును తెలియదు. తెలిసియున్నచో పత్రిక చినిగెడిది కాదేమో.

2023 మార్చి 13వ తేదీ సోమవారము. అమెరికాలో ఇంకను ఆదివారము రాత్రి. నేను తాళము తీయుటకు వచ్చుసరికి రెండు బల్లలవారును మెట్లమీద ఒకే ఫోనుచుట్టు మూగియుండిరి. ‘నాటు నాటు’ పాటకు ఆస్కారు వచ్చినది. భారతీయచిత్రములోని పాట ఆ బహుమానము పొందుట అదియే మొదలు. కీరవాణిగారు కృతజ్ఞతను పాడి చెప్పిరి. చంద్రబోసుగారు నమస్తే యనిరి. విశ్వనాథ్‌గారు ఆ ఫిబ్రవరి 2వ తేదీననే స్వర్గస్థులైరి; ఆయన ఉండి చూచియుండిన బాగుండెడిదని ఎవరో అనగా కొంతసేపు నిశ్శబ్దమాయెను. ఆ అమ్మాయి అప్పుడే వచ్చి, “పాటకు ఓటు ఎవరు వేస్తారు మాస్టారూ?” అనెను. ఈసారి నేను సిద్ధముగా నుంటిని: అయిదు పాటలను ఏరువారు సంగీతశాఖవారు, తుది ఓటు వేయువారు సభ్యులందఱు. ఆ జూనులో ఆ సభ్యత్వమునకే కీరవాణి, చంద్రబోసు, రామ్ చరణ్, తారక రామారావుగార్లకు కూడ ఆహ్వానములు వచ్చినవి.

నా మాట పూర్తికాకముందే ఒకడు, చంద్రబోసుగారు ఇంతకంటె మంచి పాటలు వ్రాసినారనెను. రెండవ బల్ల ఊరకుండునా? పఠనమందిరము మరల మార్మ్రోగెను. నేను స్టూలు తెచ్చి గోడమీది పలకను ఊడదీసితిని. ప్రస్తుతము దానిని త్రిప్పి కట్టి, వెనుకవైపున క్రొత్తగా వచ్చిన పుస్తకముల పేర్లు సుద్దతో వ్రాయుచున్నాము.